సంవత్సరాంతపు మొత్తం గారికి

మహారాజశ్రీ విరాళాల సాఫ్ట్‌వేర్‌లో కొలువున్న ‘సంవత్సరాంతపు మొత్తం’ గారికి, చెన్నైలోని ఒక చిన్న ట్రస్టు లెక్కల గుమస్తా అనేక నమస్కారాలతో వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం ఆచారమే గాని, ఇక్కడ కుశలం లేదు.

ఈ రోజు 2025 మే 31, శనివారం. ఎవరెంత విరాళమిచ్చారో ఆదాయపు పన్ను శాఖకు మా ట్రస్టు చెప్పుకునే లెక్క, ఫారం 10బీడీ, దాఖలుకు ఆఖరి రోజు. దాటితే రోజుకు 200 రూపాయల రుసుము మా నెత్తిన పడుతుందని, దాని ఆధారంగా మేమిచ్చే 10బీఈ విరాళ పత్రం లేని దాతకు 80జీ కింద పన్ను మినహాయింపు దక్కదని తమకు తెలియనిది కాదు. పొద్దున తొమ్మిదింటికి తమరు ఒక మొత్తం సెలవిచ్చారు. పదకొండింటికి, నేను ఒక్క అంకె కూడా మార్చకుండానే, మరొకటి సెలవిచ్చారు. లెక్కల ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకూ అయితే, మొదటిది జనవరి నుంచి డిసెంబరు వరకూనట. ఇస్తామన్న మాటను ఇచ్చిన సొమ్ములో కలిపేసుకున్నారు, పోనీయండి. ఇంటిపేరు పూర్తిగా రాసుకున్న తెలుగు దాతను, ఒకసారి పొడి అక్షరంతో సరిపెట్టినందుకు, ఇద్దరు మనుషులను చేశారు. మద్రాసులో మా పేర్లకు ఆ తిప్పలు అలవాటే గనుక అదీ పోనీయండి.

పోనీయలేనిది ఉగాది. విశ్వావసు ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. పండుగ పూట చాలామంది ఆన్‌లైన్‌లో డబ్బు పంపారు. మర్నాడు రంజాన్, ఆ మర్నాడు బ్యాంకులకు ఖాతాల ముగింపు సెలవు. ఆన్‌లైన్ చెల్లింపులను మాకు చేరవేసే పేమెంట్ గేట్‌వే వారు ఆ సొమ్మును మా ఖాతాలో వేసేసరికి ఏప్రిల్ 2 అయింది. దాత చెల్లించిన తేదీ, మాకు జమ అయిన తేదీ, రెండూ తమ కడుపులోనే ఉన్నాయి. అయినా తమరు రెండోదాన్నే పట్టుకుని, గేట్‌వే తన కమీషను కోసుకోగా మిగిలినదే విరాళమని ఎంచి, పండుగ సొమ్మునంతా పై ఏడాదిలోకి తోసేశారు. పెరంబూరులో ఉండే రిటైర్డు టీచరమ్మ గారొకరు, “ఏమ్మా, ఉగాది పచ్చడి నోట్లో వేసుకోకముందే పంపానే, ఈ ఏడాది నేనేమీ ఇవ్వలేదంటావేమిటి?” అని ఫోనులో అడిగితే, ఆవిడకు గేట్‌వే సంగతి ఏ భాషలో చెప్పమంటారు?

మధ్యాహ్నం భోజనం మాని, మా పాత గుమస్తా గారి ఆవర్జా బల్లమీద పరచుకుని, రసీదు రసీదుకూ తేదీ చూసి పెన్సిలుతో కూడుకున్నాను. ఆయన రిటైరయ్యేటప్పుడు ఆ పుస్తకాన్ని పారేయవద్దని మరీ మరీ చెప్పి వెళ్లారు. ఆనాడు మనసులో నవ్వుకున్నదాన్ని నేనే. అయ్యా, తమరిని రాకెట్టు ఎగరేయమనలేదు. కూడమన్నాము. ఏటా చందా కట్టించుకునేది అందుకే గదా! తేదీ చూసి కూడడం చేతకాకపోతే ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా, నా శనివారమైనా మిగిలేది!

ఫారం రాత్రి 11:40కి వెళ్లింది. తమ అంకె మాత్రం తెరమీద ఇంకా అలాగే ఉంది, పక్కన ఆకుపచ్చ టిక్కుతో సహా.

ఇట్లు,
పెన్సిలు గుమస్తా