ఆరు నంబరు బిట్టు ఎవరింట్లో ఉంది?

హైదరాబాదు నిజాంపేటలో మా అపార్ట్‌మెంటుకి 40 ఫ్లాట్లు. నేను లెక్కేసినంతలో 30 ఇళ్లలో డ్రిల్ మిషను ఉంది. నిచ్చెన మాత్రం ఒక్కటే, అది వాచ్‌మన్‌ది. ఆరు నంబరు బిట్టు, అంటే గోడకి కన్నం పెట్టడానికి డ్రిల్లు కొసకి బిగించే ఆరు మిల్లీమీటర్ల ములుకు, అదీ ఒక్కటే, అది ఎవరిదో ఎవరికీ తెలియదు. వెనకటికి పల్లెల్లో తోడుకి మజ్జిగ చుక్క ఇంటింటికీ తిరిగినట్టు, ఆ బిట్టు మా బ్లాకుల మధ్య తిరుగుతూ ఉంటుంది. "అన్నా, బిట్టు మీ దగ్గరుందా?" అని అసోసియేషన్ గ్రూపులో ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు అడుగుతారు. "మొన్న 304 వాళ్లు తీసుకెళ్లారు" అని ఎవరో చెబుతారు. 304 వాళ్లు ఆ రోజు ఊళ్లో ఉండరు.

ఇంత గంభీరమైన సమస్య మీద టీవీల్లో ఒక్క చర్చా జరగలేదు కాబట్టి, ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను. నా అర్హత గురించి సందేహం అక్కర్లేదు. గృహప్రవేశానికి మా బావమరిది పెట్టిన గోడ గడియారం ఎనిమిది నెలలుగా మా ఫ్రిజ్ మీద కూర్చుని ఉంది. దాని ఖరీదు 650 రూపాయలు. (స్టిక్కరు తియ్యడం మర్చిపోయాడు.) దాన్ని గోడకెక్కించడానికి నేను ఇప్పటిదాకా కొన్న సామాను ఖరీదు 14,000.

నిజానికి ఇది నా ఒక్కడి బలహీనత కాదు, చరిత్రలోనే ఉంది. చేత్తో పట్టుకుని వాడే కరెంటు డ్రిల్లుని 1895లో జర్మనీలో ఫైన్ కంపెనీ వాళ్లు చేశారు. అది ఒక ఇనప గుండు, దాన్ని మొయ్యడమే ఒక పని. అలాగే ఉండి ఉంటే ఏ ఇంట్లో ఏ గొడవా ఉండేది కాదు. ఆ తర్వాత అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్లు దానికి పిస్తోలు పిడి పెట్టి, చూపుడు వేలు దగ్గర ట్రిగ్గరు బిగించి, 1917లో పేటెంటు తెచ్చుకున్నారు. అనర్థం అక్కడ మొదలైంది. పిస్తోలు కావాలంటే కలెక్టరాఫీసులూ కమిషనరాఫీసులూ తిరగాలి. డ్రిల్లుకి ఆధార్ కార్డు కూడా అడగరు. ఆఫీసులో మేనేజరు ముందూ ఇంట్లో మేనమామ ముందూ నోరెత్తలేని మనిషి, ఆ ట్రిగ్గరు మీద వేలేసి బాల్కనీలో రెండు సార్లు గాల్లోకి 'గుర్ర్‌ర్' అనిపించి చూడండి, నడక మారిపోతుంది. నాదీ మారింది.

ఇక మతాలు. ఈ రంగంలో దేవుడు రంగుల్లో ఉంటాడు. బాష్ భక్తులు నీలం. అందులోనే ఇంటి వాడకానికి చేసిన ఆకుపచ్చ శాఖ ఇంకొకటి ఉంది, దాన్ని నీలం వాళ్లు పంక్తిలో కూర్చోనివ్వరు. డివాల్ట్ వాళ్లది పసుపు. మకీటా వాళ్లది నెమలి రంగుకి దగ్గరగా ఉండే ఒక రంగు. బ్యాటరీ మిషన్ల కాలం వచ్చాక మతం మార్చుకోవడం మరీ కష్టమైపోయింది. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్లో దూరదు. మొదటి మిషను కొన్న రోజే సంబంధం ఖాయమైపోయిందన్నమాట. తర్వాత కొనేవన్నీ అదే గోత్రం నుంచి తెచ్చుకోవాలి.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. 18 వోల్టుల మిషను మంచిదా, 20 వోల్టులదా అని మా సెల్లారులో ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు. లోపల రెండింట్లోనూ వరుసకి అవే 5 సెల్లులు. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, అంటే 18. ఫుల్ చార్జింగులో నాలుగు పైకి పోతుంది కాబట్టి కొంతమంది దాన్ని 20 అని రాసుకుంటారు. హైదరాబాదు వాళ్లకి ఇది అర్థం కాకపోవడం ఆశ్చర్యమే. 18 కార్పెట్ ఏరియా, 20 సూపర్ బిల్టప్. అంతే తేడా. ఇక అదే సైజు డబ్బా మీద 48 అనీ 88 అనీ ముద్రించి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లది ప్రీ లాంచ్ ఆఫరు అనుకోవాలి.

కిట్ల సంగతీ అంతే. "108 పీసుల కిట్" అని అష్టోత్తరం లెక్కలో ఉంటుంది. విప్పి చూస్తే అందులో 40 ప్లాస్టిక్ గిట్టీలు (స్క్రూ పట్టుకోవడానికి కన్నంలో దూర్చేవి), 40 స్క్రూలు. పెళ్లిభోజనంలో 32 రకాలని చెప్పి ఉప్పు, నిమ్మచెక్క, టూత్‌పిక్కు కూడా లెక్కలో కలిపినట్టు. నేను ఆ 108నే కొన్నాను.

మిషను కోసం మాత్రం స్వయంగా రాణిగంజ్ వెళ్లాను. మీరు వెళ్లకపోతే ఒకసారి వెళ్లండి, మోటార్లూ పంపులూ బోల్టులూ తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేవనిపించే చోటు. అప్పటికే 15 వీడియోలు చూసి ఉన్నాను. వాట్లు, ఆర్పీఎం, టార్క్, బ్రష్‌లెస్ అన్నీ కంఠతా వచ్చు. కౌంటర్లో కూర్చున్న పెద్దాయన నా ఉపన్యాసం అంతా విని, టీ తాగడం పూర్తి చేసి, ఒక్కటే అడిగాడు.

"గోడ ఏం గోడ సార్?"

"అంటే?"

"ఎర్ర ఇటుకనా, సిమెంటు రంగు బ్లాకా, మొత్తం కాంక్రీటేనా?"

80 లక్షలు పోసి కొన్న ఇల్లు దేనితో కట్టారో నాకు తెలియదు. వాస్తు తెలుసు. ఈశాన్యం మూడంగుళాలు పెరిగిందని తెలుసు. లిఫ్టు ఏ కంపెనీదో, క్లబ్‌హౌసులో ట్రెడ్‌మిల్లులు ఎన్నో తెలుసు. గోడ గురించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెద్దాయన జాలిపడి చెప్పిన సంగతులు, ఆ 15 వీడియోల్లోనూ లేనివి. ఇంగ్లీషు వీడియోల్లో వాళ్లు గోడని తట్టి తట్టి లోపల చెక్క ఎక్కడుందో వెతుకుతారు. వాళ్లవి చెక్క చట్రానికి అట్టలు బిగించిన గోడలు. మనకి చెక్క దొరకాలంటే తలుపు దగ్గరికే వెళ్లాలి. మన గోడ జాతకం కన్నంలోంచి రాలే పొడిలో ఉంటుంది. ఎర్రగా రాలితే ఇటుక. తిరుగుతూనే దెబ్బలు కూడా కొట్టే మామూలు ఇంపాక్ట్ డ్రిల్లు, 500, 600 వాట్లది, దానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. తెల్లగా, బూడిదలా మెత్తగా రాలుతూ బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోతే అది తేలిక బ్లాకు. దానికి దెబ్బలు కొట్టే హ్యామర్ మోడే అక్కర్లేదు, కానీ మామూలు గిట్టి అందులో పట్టు దొరక్క తిరుగుతూనే ఉంటుంది. పొడుగు గిట్టి వెయ్యాలి. మిషను ఎంత అరిచినా పొడి రాలకపోతే కాంక్రీటు. ఇప్పుడు వస్తున్న పెద్ద టవర్లలో మైవాన్ అని అల్యూమినియం అచ్చులు పెట్టి గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్నారు. వాటి మీద మామూలు డ్రిల్లు గోడకి పాలిష్ పెడుతుంది తప్ప కన్నం పెట్టదు. ఎందుకంటే ఇంపాక్ట్ డ్రిల్లులో దెబ్బ అంటే రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి గరగరలాడటమే. రోటరీ హ్యామర్‌లో పిస్టను గాలిని నొక్కి ఆ గాలితో నిజంగా గుద్దుతుంది. గీతలు కోసిన తోకలున్న దాని బిట్లు వేరే ఉంటాయి. అలాంటి గోడ ఉన్నవాళ్లు అది కొనుక్కోవడమో, ఒక పూటకి అద్దెకి తెచ్చుకోవడమో చెయ్యాలి.

ఇంత విన్నాక కూడా నేను "సార్, బ్రష్‌లెస్ ఉందా?" అనే అడిగాను. ఆయన నిట్టూర్చి ఉన్నదిచ్చాడు. బ్రష్‌లెస్ కాని మిషన్లో ఉండే కార్బన్ బ్రష్షులు అరిగిపోతే మార్చుకోవచ్చనీ, నేను వాడే వాడకానికి అవి నా మనవళ్ల కాలంలో అరుగుతాయనీ ఆయన నోటితో అనలేదు. చూపుతో అన్నాడు.

మొదటి ఆదివారం. ఫ్రిజ్ మీంచి గడియారాన్ని దింపాం. మా ఆవిడ, పిల్లలు వెనక నిలబడ్డారు. ట్రిగ్గరు నొక్కాను. పది నిమిషాలు నొక్కాను. పొగొచ్చింది, వాసనొచ్చింది, కన్నం రాలేదు. ఇది తప్పకుండా కాంక్రీటే అనుకున్నాను. మా బిల్డరు సిమెంటు ఇంత ధారాళంగా వాడాడా అని ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. మా ఎనిమిదేళ్ల అబ్బాయి వచ్చి, "నాన్నా, ఈ బాణం గుర్తు వెనక్కి ఉందేంటి?" అన్నాడు. రివర్సులో తిప్పుతున్నాను. గోడ ఎర్ర ఇటుకే. కిట్లో వచ్చిన ఆరు నంబరు బిట్టు ఆ రోజే మొన కాలి నీలంగా మారి పరమపదించింది. గడియారం మళ్లీ ఫ్రిజ్ ఎక్కింది.

కొత్త బిట్టు 80 రూపాయలు. సందు చివరి హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతుంది. అయినా నేను కొనలేదు, మా అపార్ట్‌మెంటులో ఎవరూ కొనలేదు. ఎందుకో చాలా ఆలోచించాను. బిట్టుకి డబ్బా ఉండదు. విప్పే ముచ్చట ఉండదు. కాగితం ముక్కలో చుట్టి ఇస్తారు, జీలకర్ర పొట్లంలా. దాన్ని చేత్తో పట్టుకుని లిఫ్టులో నిలబడితే ఎవరూ "ఎంతైంది?" అని అడగరు. స్పిరిట్ లెవెల్‌కీ అదే గతి, కంట్లో పొడి పడకుండా పెట్టుకునే అద్దాలకీ అదే గతి. గోడకి ఒక బిట్టు, చెక్కకి మధ్యలో ముల్లున్న బిట్టు, ఇనుముకి ఇంకోటి అని మూడు రకాలు పెట్టుకున్న ఇల్లు నాకింతవరకూ తగల్లేదు. గిట్టి పొడుగు చూసుకుని బిట్టు మీద అంతకంటే కాస్త పైకి టేపు చుట్టుకుంటే లోతు తప్పదు, ఆ టేపు పది రూపాయలు. అందులో మగతనం ఏముంది?

అందుకే నా తర్వాతి కొనుగోలు యాంగిల్ గ్రైండరు, అంటే గిర్రున తిరిగే డిస్కుతో ఇనుమూ రాయీ కోసే మిషను.

ఇక్కడ కాసేపు వేళాకోళం ఆపుతాను. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే డిస్కు అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాటితేనే చలానా. ఆ వేగంతో డిస్కు విరిగితే ముక్క ఎటు పోతుందో చెప్పలేం. అడ్డంగా ఉందని దాని గార్డు ఊడదీసేవాళ్లని, చెక్క కొయ్యడానికి దానికి రంపపు పళ్ల బ్లేడు బిగించేవాళ్లని నేను చూశాను. ఫ్లాటులో ఉండేవాడికి అసలు గ్రైండరుతో పనే లేదు. నేను దాన్ని డబ్బాలోంచి తియ్యలేదు. నా జీవితంలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటి.

రెండో అంతస్తు ఆయన కథ కూడా చెప్పాలి. బాత్రూములో అద్దం పెడదామని కుళాయికి సరిగ్గా పైన కన్నం పెట్టాడు. పైపు లోపలుంది. మంజీరా నీళ్లు అంత ఒత్తిడితో వస్తాయని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. పైపులు కుళాయి నుంచి, వైర్లు స్విచ్ బోర్డు నుంచి సాధారణంగా నిటారుగా పైకో కిందకో పోతాయి, ఆ గీత తప్పించి పెట్టుకుంటే చాలు. ఆయనకి వాస్తు బాగా తెలుసు పాపం, ఆ అద్దం దిక్కు మాత్రం తిరుగులేకుండా కుదిరింది.

చివరికి కర్టెన్ల కోసం నిజాంపేట అడ్డా నుంచి ఒక తమ్ముణ్ణి పిలిచాం. సిమెంటు సంచిలో వచ్చింది అతని వర్క్‌షాపు. డ్రిల్లు పిడికి నల్ల టేపు చుట్టి ఉంది. వైరుకి ప్లగ్గు లేదు, రెండు తీగలూ సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించాడు. (ఇదొక్కటీ అతని దగ్గర నేర్చుకోకండి.) పౌడరు డబ్బాలో బిట్లు. పోయే వీలు లేకుండా చక్ కీ (బిట్టుని పట్టుకునే చక్కుని బిగించే తాళం) వైరుకే దారంతో కట్టి ఉంది, నాది మూడో రోజే పోయింది. గోడని వేలితో కొట్టి విన్నాడు, స్విచ్ బోర్డు ఎక్కడుందో చూశాడు, పొడి రాలకుండా పాత పేపరు మడిచి కింద అంటించాడు. 24 కన్నాలు, ముప్పావు గంట. వెళ్తూ వెళ్తూ షెల్ఫులో నా మిషను చూశాడు.

"మంచిగుంది సార్. వాడలేదా?"

"అప్పుడప్పుడు."

"అమ్ముతరా?"

నేను మాట మార్చాను. గడియారానికి కూడా ఒకటి కొట్టెయ్యమంటావా అని అతనడిగితే మా ఆవిడ సరే అనబోయింది, నేనే వద్దన్నాను. ఇంటిపెద్దకి ఒక్క కన్నమైనా మిగలాలి. ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. కర్టెన్లకి 24, దేవుడి మందసానికి 4, టీవీకి 4, గడియారానికి 1, ఈ ఇంటి మొత్తం అవసరం 33 కన్నాలు. కన్నానికి పది సెకన్ల చొప్పున ఐదున్నర నిమిషాలు. 14,000 రూపాయలంటే నిమిషానికి 2,500 పైనే పడుతుంది. ఆ రేటు తీసుకునే డాక్టరు బంజారా హిల్స్‌లో కూడా ఉండడు.

మిషను అటకెక్కింది. పాండవుల ఆయుధాలు జమ్మి చెట్టు ఎక్కాయి కదా, మాకు జమ్మి చెట్టు బాత్రూం పైన ఉంది.

మొన్న దసరాకి దింపాం. స్కూటీ, ల్యాప్‌టాప్, మిక్సీల పక్కన పెట్టి పసుపు రాసి చక్కుకి కుంకుమ బొట్టు పెట్టాం. బంతిపూల దండ నిలవలేదు, ట్రిగ్గరుకి తగిలించాం. మిషను కళకళలాడిపోయింది. మా ఆవిడ కొబ్బరికాయ అందిస్తూ, "ఎలాగూ దింపారు, రోజు కూడా మంచిది. పూజయ్యాక ఆ గడియారమేదో బిగించెయ్యకూడదూ?" అంది.

వెంటనే గ్రూపులో అడిగాను. బిట్టు 304 వాళ్లింట్లో ఉందట. వాళ్లు పండక్కి ఊరెళ్లారు.

"పోనీలెండి, వర్జ్యం వచ్చేలోపు హారతివ్వాలి. టైమెంతైంది?" అంది.

ఫ్రిజ్ వైపు చూసి చెప్పాను.