గేటు దగ్గర తీసిన ఫొటో

ఉదయం ఏడింటికి హైదరాబాద్‌లోని ఏదైనా పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాసేపు నిలబడండి. ఇంటి పనికి వచ్చిన ఆమె లోపల అడుగు పెట్టకముందే సెక్యూరిటీ మనిషి ఫోన్ ఎత్తుతాడు. ఆమె కొంగు సర్దుకుని తల పక్కకు తిప్పుకుంటుంది. ‘ఇటు చూడమ్మా’ అంటాడు. ఏళ్ల తరబడి అదే ఇంట్లో అంట్లు తోముతున్న మనిషైనా సరే, ఫొటో దిగితేనే లోపలికి దారి. వెనకే కారులో వచ్చినాయనకు మాత్రం గేటు దానంతటదే తెరుచుకుంటుంది. నిఘా అనగానే అందరికీ స్తంభం మీది సీసీ కెమెరా గుర్తొస్తుంది. మాకు ముందు గుర్తొచ్చేది ఆమె తిప్పుకున్న తల.

ఇదే హైదరాబాద్‌లో 1892లో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల మీద బయటివాళ్ల చూపు పడకుండా చుట్టూ ఎత్తైన గోడలు కట్టించారు. లోపల ఫొటో తీసేదీ మహిళే. అది కలిగిన కుటుంబాల ముచ్చటే, కాదనం. అయినా తన ముఖం ఎవరు చూడాలో తానే చెప్పుకునే మర్యాద అక్కడ దక్కింది. పని మనిషికి ఆ పాటి మర్యాద ఎందుకు దక్కదు?

గొలుసు దొంగలను పట్టించడంలో, తప్పిపోయిన పిల్లల్ని ఇంటికి చేర్చడంలో కెమెరాలు సాయపడుతున్నాయి. వాటిని పీకేయమని మేం అనడం లేదు. కానీ 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్క్ తీయమని చెప్పి ఫొటో తీసుకున్నారు. నా ఫొటో ఎందుకు తీశారు, దాన్నేం చేస్తారు అన్న ప్రశ్నకు జవాబు కోసం ఆయన హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే తేల్చాక కూడా ఇదీ పరిస్థితి.

అమెరికాలో హసన్ ఎలాహీ అనే కళాకారుడిని 2002లో డెట్రాయిట్ విమానాశ్రయంలో ఆపారు. అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నెలల తరబడి ప్రశ్నించింది. ఏ తప్పూ దొరకలేదు. ఆ తర్వాత ఆయన తన మీద తానే నిఘా పెట్టుకున్నారు. తిన్న భోజనం, పడుకున్న మంచం, వాడిన మరుగుదొడ్డి, అన్నీ ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు. అలాంటివి వేలకు వేలు చూసినా ఆ మనిషి ఎలాంటివాడో అంతుపట్టదు.

మన కుర్ర ఫొటోగ్రాఫర్లు చార్మినార్ మీది సూర్యాస్తమయం ఎన్నిసార్లని తీస్తారు? ఒక్కసారి టీ కొట్టు చూరు కింది కెమెరాను, లేడీస్ హాస్టల్ మెట్ల వైపు తిరిగి ఉన్న కెమెరాను తీయండి. గేటు దగ్గర ఫొటో దిగుతున్నవాళ్లను కూడా తీయండి, ముందు వాళ్లను అడిగి. ఇక కాలనీ సంఘాలు చేయాల్సిన పని ఒకటుంది. పొద్దున తీసిన ఫొటో ఎవరి దగ్గర ఉంటుందో, ఎన్నాళ్లకు తీసేస్తారో గేటు పక్కన బోర్డు పెట్టాలి. ఫొటో దిగే మనిషికి అర్థమయ్యేలా, తెలుగులో, పెద్ద అక్షరాలతో.