బిట్ పేపర్లో బస్కీలు

మోకాళ్లు మొరాయించాకో, షుగరు రిపోర్టు చేతికొచ్చాకో నడక మొదలుపెట్టడం మన మధ్యతరగతి ఆనవాయితీ. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో తెల్లవారుజామున ఎక్కువగా కనిపించేది ఈ నడివయసు నడకే. ఆ ప్రాంగణాలు ఎవరి కోసం కట్టారో ఆ ఇరవయ్యేళ్లవాళ్లలో చాలామంది అప్పటికి హాస్టల్లో నిద్రలో ఉంటారు. వాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఒంటిని ఎలా వాడుకోవాలో, ఏం తినాలో వాళ్లకు ఎవరూ పద్ధతిగా నేర్పలేదు. దేశంలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో చాలినంత శారీరక శ్రమ చేయనివారు 2000లో 22 శాతం. 2022 నాటికి వారు దాదాపు సగానికి చేరారని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన అధ్యయనం లెక్కగట్టింది. మహిళల్లోనైతే 57 శాతం.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో తెచ్చిన డిగ్రీ విధివిధానాల్లో ఆరోగ్యం, యోగా, క్రీడలు, ఫిట్‌నెస్‌ వాల్యూ యాడెడ్ (అసలు సబ్జెక్టులకు తోడుగా చదివే) కోర్సుల్లో చోటు సంపాదించాయి. మంచిదే. కానీ కొత్త కోర్సు వచ్చిందంటే మన దగ్గర ముందుగా మార్కెట్లోకి దిగేది గైడు, ఆ వెనకే బిట్ పేపరు. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ సూత్రం, విటమిన్ల పట్టిక, ఆసనాల పేర్లు బట్టీపట్టి ఎనభై మార్కులు తెచ్చుకున్న కుర్రాడు పది బస్కీలు తీయలేకపోయినా పాసైపోతాడు. కెమిస్ట్రీకి ప్రాక్టికల్స్ లేకపోతే ఒప్పుకోని మనం, ఒంటి చదువుకు మాత్రం థియరీ చాలనుకుంటున్నాం.

ఇందులో ఓ చిన్న లెక్క ఉంది. అదే యూజీసీ నిబంధనల ప్రకారం ఒక క్రెడిట్ అంటే తరగతి పాఠమైతే సెమిస్టరుకు 15 గంటలు, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. రెండు క్రెడిట్ల ఫిట్‌నెస్ కోర్సును పాఠంగా చెబితే 30 గంటల్లో తేలిపోతుంది. మైదానంలో నేర్పితే 60 గంటలు పడుతుంది. అంటే 15 వారాల సెమిస్టరులో వారానికి నాలుగు గంటలు. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం. కోర్సును ప్రాక్టికల్‌గా నడిపితే ఆ ఒక్క సెమిస్టరులోనైనా అవసరానికి మించిన కదలిక కళాశాలలోనే దొరుకుతుంది. అలాంటప్పుడు పాఠం దారినే ఎంచుకునే యాజమాన్యాల ఆలోచన ఊహించడం కష్టమేమీ కాదు: నల్లబల్లకు మైదానమంత స్థలం అక్కర్లేదు.

డిగ్రీకి వచ్చేసరికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుందన్నదీ నిజమే. మన పిల్లలకు వ్యాయామం పరిచయమయ్యేది శిక్షగా. హోంవర్కు చేయకపోతే గుంజీలు, ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ రౌండ్లు. ఆ తర్వాత ఇంటర్. పదిహేడేళ్లలోపు వారికి రోజుకు సగటున గంటసేపు కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, అపార్టుమెంటులాంటి భవనాల్లో పొద్దుటి స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కుర్చీకి అతుక్కుపోయే రెండేళ్లవి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుతో ఇంజినీరింగ్‌లో చేరేనాటికి పీట మీద కూర్చుని చేతి ఆసరా లేకుండా లేవలేని పద్దెనిమిదేళ్లవాళ్లు కనబడుతున్నారంటే ఆశ్చర్యమేముంది?

కాబట్టి మొదటి నుంచీ మొదలుపెట్టాలి. బరువెత్తేటప్పుడు నడుము కాక మోకాళ్లు వంచడం, పరుగులో ఊపిరి నిలుపుకోవడం, పడ్డా దెబ్బ తగలకుండా పడటం, ఈత. ఏటా వేసవిలో చెరువుల్లో, క్వారీ గుంతల్లో దిగి మునిగిపోయిన విద్యార్థుల వార్తలు అచ్చువేసేది మేమే. మనవాళ్లు కలలుగనే అమెరికాలోని ఎంఐటీలో డిగ్రీ పట్టా కావాలంటే ఈత పరీక్ష నెగ్గాలి, లేదా ఈత తరగతికి వెళ్లాలి. ఇక్కడ ప్రతి కళాశాలకూ ఈతకొలను సాధ్యం కాదు. ఊళ్లోని మునిసిపల్ కొలనుతో, స్టేడియంతో ఒప్పందం చేసుకోవడం మాత్రం సాధ్యమే.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 60 శాతం, తెలంగాణలో 64 శాతానికి పైనే. రక్తం చాలని పిల్లను రెండు రౌండ్లు పరుగెత్తమంటే కళ్లు తిరిగి కూలబడుతుంది. ‘నీకు చేతకాదు, పక్కన కూర్చో’ అంటారు. ఆమె ఇక ఎప్పటికీ పక్కనే కూర్చుంటుంది. వ్యాయామాన్నీ తిండినీ ఒకే కోర్సులో కలిపి నేర్పాలని మేం గట్టిగా అడగడానికి ఇదే ప్రధాన కారణం. సెమిస్టరు మొదట్లో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, ఫలితం ఆమెకే ఇచ్చి, తోటకూర పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి ఎందుకు బాగా పడుతుందో, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఎందుకు పట్టదో చెప్పి, అప్పుడు మైదానానికి తీసుకెళ్లాలి. మైదానంలో ఆమెకంటూ కొంత వేళ, కొంత చోటు కూడా కేటాయించాలి. ఇప్పుడు అదంతా క్రికెట్ ఆడే అబ్బాయిల జాగీరు.

తిండి పాఠానికి అసలు తరగతి గది హాస్టల్ మెస్సు. ఉస్మానియా పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కిలోకేలరీల భోజనానికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు అని లెక్కిచ్చింది. మన మెస్సుల్లో ఈ లెక్క తలకిందులు: కంచం నిండా అన్నం, దాని మీద పలచటి సాంబారు, ఓ మూల గరిటెడు బంగాళాదుంప వేపుడు. పొద్దున మెస్సులో ఈ తిండి పెట్టి, మధ్యాహ్నం క్లాసులో సమతులాహారం చెబితే విద్యార్థి నవ్వుకోడా? ఆకలి తీరని కుర్రాడు సాయంత్రం నూడుల్స్ బండి దగ్గర తేలతాడు. జిమ్ పిచ్చి ఉన్నవాడైతే రీల్స్ చూసి ప్రొటీన్ డబ్బా కొంటాడు. కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని అదే సంస్థ హెచ్చరించింది. గుడ్డు, పెసలు, వేరుశనగ పప్పు ధరకూ ఆ డబ్బా ధరకూ పోలికే లేదని లెక్కగట్టి చూపడం కూడా పాఠమే.

ఇదంతా నేర్పేదెవరు? వ్యాయామ విద్య చూసే ఫిజికల్ డైరెక్టరు (పీడీ) ఉన్న కళాశాలల్లోనూ ఆయనను అంచనా వేసేది అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఎన్ని జట్లు పంపారన్నదాన్ని బట్టే. కరణం మల్లీశ్వరి, నిఖత్ జరీన్, జ్యోతి యర్రాజీలను చూసి గర్వపడదాం. అయితే ప్రతిభ ఉన్నవాళ్లను వెదకడం వేరు, ప్రతిభ లేనివాళ్లకు నేర్పడం వేరు. జట్టులో చోటు దక్కని వందలమంది పీడీ సారు ముఖం కూడా ఎరగకుండానే పట్టా పుచ్చుకుంటున్నారు. ఖాళీ పీడీ పోస్టులను నింపాలి. మార్కులు పరుగు వేగానికి కాక, మొదటి వారానికీ పదిహేనో వారానికీ ఎవరికి వారు సాధించిన మెరుగుదలకు ఇవ్వాలి. లేకుంటే లావుపాటి పిల్లలు, దివ్యాంగులు ఇక్కడా వెనకబెంచీకే పోతారు.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వచ్చే విద్యాసంవత్సరానికే ఈ కోర్సు రాతపరీక్షను రద్దుచేసి దాన్ని పూర్తి ప్రాక్టికల్‌గా ప్రకటించాలి. అనుబంధ గుర్తింపు కోసం తనిఖీకి వెళ్లే బృందాలు కాగితం మీది మైదానంతో సరిపెట్టుకోకుండా, మైదానంలో నిలబడి చూసి, ఆ పూట విద్యార్థుల వరుసలోనే మెస్సులో భోంచేసి, వడ్డించిన కూర ఎంతో నివేదికలో రాయాలి.