ఫ్లాగ్ అంటే జెండా అన్నాడు

ఇందాకట్నుంచీ ఒళ్లు మండిపోతోంది. మా అన్నయ్య కొడుకు జీఆర్‌ఈకి, అంటే విదేశాల్లో పీజీ చదవడానికి రాసే పరీక్షకి, చదువుతున్నాడు, అమీర్‌పేటలో కోచింగ్. అట్టముక్కల మీద రాసుకున్న పదాలకు రబ్బరుబ్యాండు వేసి జేబులో పెట్టుకు తిరుగుతాడు. రోజుకు యాభై. అబేట్, అబెరెంట్, అబేయన్స్ అంటూ గడగడా అప్పజెప్పాడు. ముచ్చటేసి, చేతిలో ఉన్న ఇంగ్లీష్ పేపర్లో ఒక వాక్యం చూపించాను. జనంలో ఉత్సాహం 'ఫ్లాగ్' అవుతోందని ఉంది అందులో.

"ఫ్లాగ్ అంటే ఏంట్రా?"

"జెండా బాబాయ్."

సన్నగిల్లడంరా అన్నాను. "అది మా లిస్టులో లేదు" అన్నాడు. రోజూ పేపరు చదవొచ్చుగా అంటే, టైం వేస్టని వాళ్ల సార్ చెప్పారట!

యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జంటల మధ్య పోలికలు) ఆ పరీక్షలోంచి 2011 ఆగస్టులోనే ఎత్తేశారు. ఇప్పుడంతా ఖాళీలు పూరించడం, పేరాలు చదివి అర్థం చేసుకోవడం. 'క్వాలిఫైడ్ సపోర్ట్' అంటే అర్హతున్న మద్దతు కాదు, షరతులు పెట్టి ఇచ్చే మద్దతు. పిల్లలు బోల్తా పడేది ఇలాంటి తెలిసిన మాటల దగ్గరే. అది వాక్యంలో చూస్తేనే పట్టుబడుతుంది. వేలకు వేలు ఫీజు గుంజి, పాత లిస్టు జిరాక్స్ తీసి చేతిలో పెడతారా?

అసలు నాకు కడుపు రగిలింది ఆ తర్వాత మాటకి. అర్థాలు తెలుగులో రాసుకోకూడదట. రాస్తే ఇంగ్లీష్ రాదట.

ఇదే మాట నేను ఇంటర్ మొదటి ఏడాదిలో పడ్డాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. పుస్తకం అంచున తెలుగులో అర్థం రాసుకున్నానని క్లాసంతా చూస్తుండగా గంటసేపు నిలబెట్టారు. ఆ అవమానం ఇంకా పోలేదు. కానీ నాకు ఇంగ్లీష్ వచ్చింది ఆ అంచుల్లోంచే. గ్యారులస్ పక్కన వసపిట్ట. పార్సిమోనియస్ పక్కన పిసినారి. ఈక్వివొకేట్ పక్కన నీళ్లు నమలడం అని రాసుకున్నాను, ఈ జన్మలో మర్చిపోను. బ్రౌన్ దొర 1852లో తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు అచ్చు వేశాడు. రెండు భాషల మాటలూ పక్కపక్కన పెట్టుకోవడం ఆయనకు తప్పు కానప్పుడు మన పిల్లలకు తప్పెలా అవుతుంది?

వాడి చేత దగ్గరుండి కొత్త అట్టముక్క రాయించాను. ఒకవైపు ఫ్లాగ్, రెండోవైపు 'ఉత్సాహం సన్నగిల్లడం'. తెలుగు మాత్రం పెన్సిల్‌తో రాశాడు. ఎందుకురా అంటే, రేపు సార్ చూసేలోపు చెరిపేయాలట.