సవరణ: బంకర్ 051ని కాచింది ఎవరు?
వియత్నాం యుద్ధంలో కమ్యూనిస్టు బలగాలు జరిపిన 1968 జనవరి 31 టెట్ దాడి గురించి మేం రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. సైగాన్ శివారులోని టాన్ సన్ న్యుట్ వైమానిక స్థావరం పడమటి కంచె దగ్గరి బంకర్ 051లో ఉన్నది ఆర్మీ మిలిటరీ పోలీసులని రాశాం. కాదు, వాళ్లు అమెరికా వైమానిక దళం వారి 377వ సెక్యూరిటీ పోలీస్ స్క్వాడ్రన్ వాళ్లు. ఆ ఐదుగురిలో నలుగురు అక్కడే చనిపోయారు. వాళ్ల యూనిట్ పేరు తప్పు రాయడం చిన్న పొరపాటు కాదు, క్షమించండి. మేం కలగాపులగం చేసిన 716వ మిలిటరీ పోలీస్ బెటాలియన్ ఆర్మీదే, కానీ అది ఆ రాత్రి పోరాడింది సైగాన్ నగరంలో, అమెరికా ఎంబసీ దగ్గర.

రెండోది: కెప్టెన్ రెజినాల్డ్ మైసీ చనిపోయింది టాన్ సన్ న్యుట్‌లో కాదు, మరో వైమానిక స్థావరం బియెన్ హోవాలో. ఫ్రెంచివాళ్లు కట్టిన పాత కాంక్రీటు బంకర్ 'బంకర్ హిల్ 10' ఉన్నదీ అక్కడే. ఆయనది 3వ సెక్యూరిటీ పోలీస్ స్క్వాడ్రన్. రెండు దాడులూ ఒకే రాత్రి జరగడంతో కలిపేశాం.

సైగాన్‌కు వాయవ్యంగా ఉన్న కూ చీ నుంచి టాన్ సన్ న్యుట్‌కు సాయానికి వచ్చిన అమెరికా సాయుధ దళం గురించి రాసింది మాత్రం సరైనదే. రోడ్డు మీద మాటు ఉంటుందన్న అనుమానంతో, కమాండర్ హెలికాప్టర్ నుంచి వెలుగునిచ్చే ఫ్లేర్లు జారవిడుస్తూ చీకట్లో దాన్ని పక్కదారిన నడిపించాడు.