కటింగ్‌కు లేయర్లు అక్కర్లేదంటున్న మెసేజ్‌కు నా జవాబు

ఈమధ్య స్టూడియో వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. తిరుపతిలో ఫ్లెక్సులు, పెళ్లి ఆల్బమ్‌లు చేసే కుర్రాళ్లు ఒకరి నుంచి ఒకరు పంపుకుంటున్నారు. అందులో ఉన్నది ఇదీ: "ఫోటోలో మనిషిని కట్ చేయడానికి లేయర్లు, మాస్కులు నేర్చుకోవడం టైం వేస్టు. ఒక్క బటన్ నొక్కితే బ్యాక్‌గ్రౌండ్ పోతుంది. మిగిలింది ఎరేజర్‌తో తుడిచెయ్. జేపెగ్‌లో సేవ్ చేసి ఇచ్చెయ్. పెన్ టూల్ కాలం అయిపోయింది. లేయర్లు కావాలంటే వేలకు వేలు పోసి సాఫ్ట్‌వేర్ కొనాలి." నేను చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. కొత్తగా వచ్చే పిల్లలు దీన్ని నమ్మి చేయి పాడుచేసుకుంటుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

లేయర్లంటే ఫోటోలో ఒకదాని మీద ఒకటి పేర్చుకునే విడివిడి పొరలు. మొదట ఆ బటన్ సంగతి. ఫోటోషాప్‌లో రిమూవ్ బ్యాక్‌గ్రౌండ్ నొక్కి, లేయర్ల ప్యానెల్ వైపు ఒక్కసారి చూడండి. మీ ఫోటో బొమ్మ పక్కనే నలుపు తెలుపుల్లో ఇంకో చిన్న బొమ్మ వచ్చి కూర్చుంటుంది. అదే లేయర్ మాస్కు, అంటే ఫోటోను చెరపకుండా ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో చెప్పే తెర. మాస్కు అక్కర్లేదని చెప్పడానికి చూపించే బటన్ చేసే పనే మాస్కు తయారుచేయడం! దాన్ని దిద్దడం రాని మనిషి, బటన్ ఎంత ఇస్తే అంతతో సరిపెట్టుకోవాల్సిందే.

బటన్ చెడ్డదని నేననను. రోజూ వాడతాను. నీలం తెర ముందు నిలబడిన పాస్‌పోర్ట్ ఫోటోకు అది చాలు. కానీ మన ఊరికి వచ్చే ఫోటోలన్నీ అలాంటివి కావు. కొండ మీద తలనీలాలిచ్చి, గుండుకు గంధం పూసుకుని, లేత పసుపు గోడ ముందు నిలబడి తీయించుకున్న ఫోటో తెస్తారు. గంధం ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో బటన్‌కు ఆనదు. నడినెత్తిన ఒక ముక్క కొరికేసి వదులుతుంది. గంగమ్మ జాతర ఫోటోలైతే మరీ కష్టం. ఒళ్లంతా బొగ్గు పూసుకుని తోటి వేషం వేసిన మనిషిని చీకట్లో తీసిన ఫోటోలో మోచేయి ఏది, చీకటి ఏది? మన కళ్లు పోల్చుకుంటాయి గానీ, సాఫ్ట్‌వేర్ సగం చేతిని చీకట్లో కలిపేస్తుంది.

అప్పుడు పనికొచ్చేది మాస్కే. మాస్కులో తెలుపు ఉన్నచోట బొమ్మ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది. మధ్యలో బూడిదరంగు ఉంటే సగం సగం కనిపిస్తుంది. 0 నుంచి 255 దాకా 256 మెట్లు. పెళ్లికూతురి చెవి దగ్గర ఎగిరే సన్న వెంట్రుకలు, జడలో మల్లెపూల అంచులు సహజంగా రావాలంటే ఆ మధ్య మెట్లే దిక్కు. తెల్ల బ్రష్‌తో రుద్దితే పోయిన గుండు ముక్క తిరిగి వస్తుంది. ఎక్కువ వచ్చేసిందా, ఎక్స్ కీ నొక్కితే బ్రష్ నల్లగా మారుతుంది. అంచు సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే కింద ముదురు ఎరుపు లేయర్ ఒకటి వేసి చూడండి. పాత గోడ రంగు వెంట్రుకల చుట్టూ గీతలా మిగిలి ఉంటే వెంటనే బయటపడుతుంది.

ఇక ఎరేజర్. ఈ మెసేజ్‌లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన మాట ఇదే.

రెండేళ్ల కిందట చంద్రగిరి వైపు నుంచి ఒక అబ్బాయి పెన్‌డ్రైవ్ తెచ్చాడు. వాళ్ల నాయన చనిపోయి వారమైంది. పెద్దకర్మకు ఫ్రేమ్ కట్టించాలి. ఎవరిదో పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటో నుంచి ఆయన్ను వేరే షాపులో కట్ చేయించారు. "ఇదొక్కటే ఉండాదన్నా. బ్యాక్‌గ్రౌండ్ మార్చి పెద్దది చెయ్యి," అన్నాడు. తెరిచి చూస్తే ఎడమ చెవి సగం లేదు. పక్కనున్నాయన భుజం మీద చెయ్యి వేసి ఉన్నట్టుంది, ఆ చేతిని తుడిచేటప్పుడు భుజం కూడా పోయింది. ఆ అబ్బాయి స్క్రీన్ మీద వేలు పెట్టి, "నాయన భుజం యాడికి పోయిందన్నా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఎరేజర్‌తో తుడిచి సేవ్ చేసిన ఫైల్లో ఆ చెవి ఇక లేదు. చేసింది వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ ఫైల్ మూసేదాకే పనిచేస్తుంది. ఆఖరికి బెంగళూరులో బంధువుల ఇంట్లో అసలు ప్రింటు ఉందని తెలిసి తెప్పించారు కాబట్టి సరిపోయింది. దాన్ని స్కాన్ చేసి, అసలు లేయర్‌ను ముట్టుకోకుండా కాపీ తీసి, కాపీకి మాస్కు వేశాను. భుజం మీది చేతిని దాచి, ఆ చోట చొక్కా గుడ్డను పైన ఇంకో ఖాళీ లేయర్ మీద క్లోన్ స్టాంప్‌తో, అంటే ఒకచోటి బొమ్మను ఇంకోచోట అద్దే టూల్‌తో నింపాను. ఆ టూల్‌లో శాంపుల్ అనే సెట్టింగ్‌ను ఆల్ లేయర్స్‌కు మార్చుకుంటే ఖాళీ లేయర్ మీదే నింపొచ్చు. చొక్కా గీతలు కలవకపోతే ఆ ఒక్క లేయర్ తీసేసి మళ్లీ చేసుకోవచ్చు. నేను మూడుసార్లు తీసేశాను. కింద ఆయన ఫోటో మాత్రం చెక్కుచెదరలేదు.

ఫోటోషాప్‌కు లేయర్లు వచ్చింది 1994లో, 3.0 వెర్షన్‌తో. అంతకు ముందు ఒక బొమ్మ మీద ఇంకోటి అతికించి సెలెక్షన్ వదిలేస్తే రెండూ కలిసిపోయేవి. మళ్లీ విడదీయడం కుదిరేది కాదు. ఎరేజర్ చాలనడమంటే మనం ఆ కాలానికి వెనక్కి వెళ్లడమే.

జేపెగ్ మాటలో కొంత నిజముంది. లేయర్ల ఫైళ్లు బరువే. 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3,600 బై 10,800 పిక్సెళ్లు. ఒక్క నిండు లేయరే కుదించకముందు దాదాపు 117 ఎంబీ. మాస్కుకు అందులో మూడో వంతు. పాత కంప్యూటర్ మొరాయిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ జేపెగ్‌లో పారదర్శకత అనేదే లేదు. మీరు కట్ చేసిన మనిషి వెనక మళ్లీ తెల్లటి డబ్బా వచ్చి చేరుతుంది. పైగా అది బొమ్మను 8 బై 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది. అందుకే కట్ చేసిన అంచుల చుట్టూ మురికి చుక్కలు లేస్తాయి. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పాడవుతుంది. ల్యాబ్‌కు జేపెగ్ పంపండి, తప్పులేదు. మీ దగ్గర లేయర్లతో సహా దాచే పీఎస్‌డీ ఫైల్ ఉంచుకోండి. వేరే డిజైన్‌లోకి ఇవ్వాలంటే పారదర్శకత పోని పీఎన్‌జీ ఇవ్వండి.

పాయింట్లు పెట్టుకుంటూ వస్తువు అంచు వెంట గీత గీసే పెన్ టూల్ గురించి ఎక్కువ చెప్పను. నగల షాపు వాళ్ల కాసులపేరు, ఇత్తడి కలశం, స్టీలు పాత్ర లాంటి గట్టి అంచుల వస్తువులకు ఈరోజుకీ దాన్ని మించింది నేను చూడలేదు. పాత్, అంటే ఆ గీసిన గీత, ఫైల్లోనే ఉండిపోతుంది, ఎప్పుడైనా ఒక పాయింట్ జరుపుకోవచ్చు.

ఇక డబ్బులు. లేయర్లకు పైసా ఖర్చు లేదు. జింప్ ఉచితం, ఫోటోపియా బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. రెండింటిలోనూ లేయర్లు, మాస్కులు ఉన్నాయి. "జింప్‌లో చేశానన్నా, డిలీట్ కొడితే వెనక తెలుపే వస్తోంది" అని చాలామంది అక్కడే వదిలేస్తారు. తప్పు జింప్‌ది కాదు. జేపెగ్ తెరిచినప్పుడు ఆ లేయర్‌కు పారదర్శకతను దాచుకునే ఆల్ఫా చానెల్ ఉండదు, అందుకే చెరిపిన చోట బ్యాక్‌గ్రౌండ్ రంగు నిండుతుంది. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ ఆల్ఫా చానెల్ నొక్కండి. మళ్లీ డిలీట్ కొట్టి చూడండి, తెలుపు బదులు గళ్లు కనిపిస్తాయి, అంటే అక్కడ ఖాళీ అని అర్థం.