స్టార్టర్ కోడ్ ఒక్క కమాండ్‌తో వచ్చేస్తుంది సరే, తర్వాత దాన్ని చూసుకునేదెవరు?

ఇప్పుడు ఖాళీ ఫోల్డర్‌తో ప్రాజెక్ట్ మొదలుపెట్టేవాళ్లు చాలా తక్కువ. టెర్మినల్‌లో ఒక్క కమాండ్ కొడితే ఫోల్డర్లు, కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైళ్లు, టెస్టులు అన్నీ వచ్చి పడతాయి, స్టార్టర్ కోడ్ అంటే ఇదే. ఇలాంటి టూల్ గురించి మాట్లాడితే అందరూ చెప్పేది స్పీడ్ గురించే, ఎంత టైమ్ మిగిలింది అని. నాకైతే అది పెద్ద విషయంగా అనిపించదు. రెండేళ్ల తర్వాత ఆ ఫైళ్లని అప్‌డేట్ చేసే దారి ఉందా లేదా, అది చూడాలి ముందు.

వెబ్ స్క్రీన్లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ ఉంది కదా, దాని స్టార్టర్ టూల్ క్రియేట్ రియాక్ట్ యాప్ సంగతే తీసుకోండి. 2016లో ఫేస్‌బుక్ నుంచి వచ్చింది. అప్పట్లో రియాక్ట్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లకి వెబ్‌ప్యాక్, బేబెల్ (కోడ్‌ని బ్రౌజర్‌కి తగ్గట్టు తయారుచేసే టూల్స్) సెట్ చేసుకునేసరికే ఓపిక అయిపోయేది, ఇదొచ్చి ఆ గోలంతా రియాక్ట్ స్క్రిప్ట్స్ అనే ఒక్క ప్యాకేజ్‌లో దాచేసింది. దాచడం తప్పని చాలామంది తిట్టారు గానీ అందులో లాజిక్ ఉంది. కాన్ఫిగ్ మన ఫోల్డర్‌లోకి కాపీ అయితే ఇక అది మన నెత్తినే, అదే ప్యాకేజ్‌లో ఉంటే వెర్షన్ నంబర్ మారిస్తే చాలు, కొత్తవన్నీ వచ్చేస్తాయి. కాకపోతే ఏదో ఒక చిన్న సెట్టింగ్ మార్చాలన్నా ఎజెక్ట్ కమాండ్ కొట్టి దాచిన కాన్ఫిగ్ అంతా మన ఫోల్డర్‌లోకి తెచ్చుకోవాల్సి వచ్చేది, అది కొట్టాక వెనక్కి రావడం కుదరదని రీడ్‌మీలోనే రాసి పెట్టారు.

మరి ఆ ప్యాకేజ్‌ని చూసుకునేవాళ్లే లేకపోతే? సరిగ్గా అదే జరిగింది. 2022లో 5.0.1 వెర్షన్ వచ్చాక దాదాపు కదలిక లేదు. 2024 డిసెంబర్‌లో రియాక్ట్ 19 రిలీజ్ అయ్యేసరికి కొత్త యాప్ క్రియేట్ చేస్తుంటేనే డిపెండెన్సీ ఎర్రర్లు, అంటే ప్యాకేజ్‌ల వెర్షన్లు ఒకదానికొకటి సరిపడకపోవడం. 2025 ఫిబ్రవరి 14న రియాక్ట్ టీమ్ దీన్ని డిప్రికేట్ చేస్తున్నామని, అంటే కొత్త యాప్‌లకి ఇక వాడొద్దని ప్రకటించింది, యాక్టివ్ మెయింటెయినర్లు లేకపోవడం ఒక కారణమని వాళ్లే చెప్పారు. పాత ట్యుటోరియల్ పెట్టుకుని నేర్చుకుంటున్న ఫ్రెషర్‌కి ఇవేవీ తెలీదు పాపం, తనే ఏదో తప్పు చేశాననుకుంటాడు.

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగోది రివర్స్ పద్ధతి. స్టార్ట్‌ప్రాజెక్ట్ కొడితే సెట్టింగ్స్ ఫైల్ మొత్తం మన ముందు పెడుతుంది, డీబగ్ (ఎర్రర్ వివరాలన్నీ స్క్రీన్ మీద చూపించే సెట్టింగ్) ట్రూ అని ఉంటుంది, ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడే అసలు సైట్‌లో ఇలా ఉంచొద్దని పైన కామెంట్. జనం కామెంట్లు చదవరని వాళ్లకీ అర్థమైనట్టుంది, 2021లో వచ్చిన 3.2 నుంచి సీక్రెట్ కీ (సైట్ భద్రతకి వాడే రహస్య కోడ్) ముందు జాంగో-ఇన్‌సెక్యూర్ అని తగిలించారు, సైట్ బయటపెట్టే ముందు డిప్లాయ్ చెక్ రన్ చేస్తే దాన్ని పట్టుకుని వార్నింగ్ ఇస్తుంది. నాకు బాగా నచ్చిన డిజైన్ ఇది. అయితే ఇక్కడా ఒక చిక్కుంది. 3.0 నుంచి ఏఎస్‌జీఐ ఫైల్ (సర్వర్‌తో యాప్‌ని అసింక్ పద్ధతిలో కలిపేది) కూడా టెంప్లేట్‌లోకి వచ్చింది కదా, 2.2లో మొదలెట్టిన ప్రాజెక్ట్‌లో జాంగోని అప్‌గ్రేడ్ చేసినా ఆ ఫైల్ దానంతటది రాదు, కావాలంటే మనమే రాసుకోవాలి.

ఈ రెండిటికీ మధ్యలో కొంచెం బుర్ర పెట్టినవాళ్లు ఉన్నారు. రూబీ భాషలోని వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో యాప్ అప్‌డేట్ కమాండ్ ఒక్కో ఫైల్ చూపించి మార్చాలా వద్దా అని అడుగుతుంది. విసుగు పుడుతుంది, నిజమే, కానీ ఏం మారుతుందో మనకి తెలుస్తుంది. పైథాన్‌లో రాసిన కాపియర్ అనే టెంప్లేట్ టూల్ అయితే మొదట్లో మనమిచ్చిన జవాబుల్ని ఒక ఫైల్‌లో దాచుకుని, టెంప్లేట్ మారినప్పుడు ఆ మార్పుల్ని మన కోడ్‌లో కలపడానికి చూస్తుంది. రస్ట్ భాషలో కార్గో న్యూ కమాండ్ ఇచ్చేదే ఒక కాన్ఫిగ్ ఫైల్, ఒక హలో వరల్డ్ ప్రోగ్రామ్, ఒక గిట్‌ఇగ్నోర్ (గిట్ ఏ ఫైళ్లని పట్టించుకోకూడదో చెప్పే ఫైల్), అందులో పాతబడటానికి పెద్దగా ఏముంది!

ఇప్పుడేమో చాలామంది ఈ కమాండ్లు కూడా వదిలేసి స్టార్టర్ కోడ్ ఏఐనే అడుగుతున్నారు. ఈరోజు అడిగితే ఒక స్ట్రక్చర్, రేపు అడిగితే ఇంకోటి, వెనకాల టెంప్లేట్ లేదు, వెర్షన్ నంబర్ లేదు. రెండేళ్ల తర్వాత అప్‌డేట్ చేద్దామంటే దేంతో పోల్చి చూస్తారు?